టైలరమ్మ బదులు వదిన

ఆ పేటలో సగంమంది ఆడవాళ్ళ ఛాతీ కొలతలు టైలరమ్మకు కంఠతా వచ్చు. టేపు తీయక్కర్లేదు, మనిషి గుమ్మం ఎక్కుతుండగానే చెప్పేస్తుంది. "కాస్త ఒళ్ళు చేశావమ్మా, ఈసారి ఒక వేలు వదులు పెడతా" అంటుంది. వీధివైపు గదిలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, మూలగా తాడు కట్టి వేలాడదీసిన పాత దుప్పటి. ఆ దుప్పటి వెనక్కి వెళ్ళాక ఎంతటి గయ్యాళికైనా గొంతు తగ్గిపోతుంది.

"టైలరమ్మా, నాకు ఒకవైపు కాస్త చిన్నదేమో" అని గుసగుసగా అడిగినవాళ్ళు ఒకరా ఇద్దరా? ఆవిడ పకపకా నవ్వేసేది. "చేతికున్న ఐదువేళ్ళే సమానంగా లేవు, అవెట్లా ఉంటాయమ్మా? దేవుడి దగ్గర టేపు లేదు. నా దగ్గరుంది. నేను సరిచేస్తాలే." అడిగినావిడ కూడా నవ్వి, గుండెల మీద బరువు దిగినట్టు బయటికి వెళ్ళేది.

ఈ మాట ఊరందరికీ పనికొచ్చింది గానీ చెప్పిన నోటికి మాత్రం పనికిరాలేదు. ఎందుకంటే టైలరమ్మది పైన పటారం, లోన లొటారం. ఈడొచ్చే వయసులోనే ఎడమవైపు ఎదుగుదల ఆగిపోయింది. కుడివైపు మనిషిది, ఎడమవైపు పిల్లది. వాళ్ళమ్మ అది గమనించి, తలుపు గడియ వేసి, లోపలి బట్టలో పెట్టుకోవడానికి తనచేతే దూది మెత్త కుట్టించింది. "ఎవరికీ తెలియనివ్వకు" అంది. జబ్బు కాదనీ, ఇలాంటివాళ్ళు చాలామంది ఉంటారనీ చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. టైలరమ్మ జీవితంలో కుట్టిన మొదటి కుట్టు ఆ మెత్తకే. సూది చేతికి అలవాటైంది అక్కడే. ఆ తర్వాత అదే కూడు పెట్టింది.

మొగుడికి తెలియకుండా ఎలా ఉంటుంది? అతను చూశాడు, ఏమీ అనలేదు. ఆ రోజు అనలేదు, ఆ తర్వాత ఏనాడూ అనలేదు. మంచివాడు కాబట్టి అనలేదని ఎవరైనా అనుకుంటారు. అనడానికి కూడా అసహ్యం వేసి ఊరుకున్నాడని ఆవిడ అనుకుంది. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. కూతురికి పాలిచ్చినన్నాళ్ళూ గోడవైపు తిరిగే ఇచ్చింది, అదీ కుడివైపే.

ఆ కూతురు ఇప్పుడు మందుల షాపులో పనిచేస్తోంది. పరీక్షల సంగతులు బాగా తెలిసిన పిల్ల. "అమ్మా, నీ వయసు వచ్చాక రొమ్ము పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. ఏమీ లేనప్పుడే చూపించుకోవాలి" అని వెంటపడేది. సాకులకు కరువా? ఒకసారి జలుబు, ఒకసారి పెళ్ళివారి బట్టలు, ఒకసారి వాన. వాన కూడా ఆవిడ పక్షమే.

"నాయనమ్మ ఎలా పోయిందో మర్చిపోయావా?" అని కూతురు ఒకరోజు గట్టిగా అడిగేసింది. టైలరమ్మ మిషను తొక్కడం మొదలుపెట్టింది. అత్తగారు ఆ జబ్బుతోనే పోయింది. రొమ్ము మీద పుండు పడి, వాసన వచ్చేదాకా కొంగు కప్పుకునే తిరిగింది. ఆవిడ పడుకున్న వెనక గదిలో ఇప్పుడు బట్టల మూటలు పెడతారు, మనుషులెవరూ పడుకోరు.

కూతురు ఈసారి వాళ్ళమ్మను నమ్మలేదు. పరీక్షల కేంద్రంలో తనే తేదీ రాయించి, మేనత్తకు ఫోన్ చేసింది. "అత్తా, నాకు సెలవు దొరకలేదు. మా అమ్మను లోపలికి తోసేదాకా నువ్వు కదలకు."

ఈ మేనత్త టైలరమ్మకు పెద్ద ఆడపడుచు, వరసకు వదిన. సిటీ బస్సులో కండక్టరు. నోట్లో నువ్వుగింజ నానదు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళు ఆమె కేకకు వానకు తడిసిన కోళ్ళలా లోపలికి ముడుచుకుంటారు. "తోయడమే కదా, నా ఉద్యోగమే అది" అంది వదిన.

పరీక్షల కేంద్రంలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, వాటి మీద ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆడవాళ్ళు. టైలరమ్మ పేరు పిలిచారు. ఒక అమ్మాయి మొహమైనా చూడకుండా చీటీ మాత్రం చూసి, చిన్న గదిలోకి పంపి, చేతిలో గౌను పెట్టింది. "నడుము పైనవన్నీ తీసేసి ఇది వేసుకోండమ్మా. ముడి ముందుకు రావాలి. తయారయ్యాక అటు తలుపు కొట్టండి." పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

గదిలో ఒక అద్దం, ఒక కొక్కెం ఉన్నాయి. టైలరమ్మ పై గుండీ విప్పింది, రెండోది విప్పింది. కొక్కెంకేసి చూసింది. బట్టలు దానికి తగిలించవచ్చు. దూది మెత్త ఎక్కడ పెట్టాలి? సంచి బయట వదిన దగ్గర ఉంది. చేతిలో పట్టుకుని లోపలికి వెళ్ళాలా? ఆ అమ్మాయి "ఇదేంటమ్మా" అంటే ఏం చెప్పాలి? ఆ పిల్లకు తన కూతురి వయసు కూడా లేదు. గుండీలు పెట్టేసుకుని, గౌను చంకలో పెట్టుకుని బయటికి వచ్చేసింది.

"అప్పుడే అయిపోయిందా?" అంది వదిన.

"నా వల్ల కాదొదినా. పోదాం పద."

"సిగ్గా? ఈ వయసులో ఇంకా సిగ్గేంటే నీకు? నీ కూతురు నన్ను బతకనిస్తుందా?" అని వదిన లేచింది. అంతలో ఆమె చూపు గౌను మీద పడింది. ఎప్పుడూ లేనిది, ఆ నోరు ఒక్క క్షణం మూతపడింది. "ఇలా తే" అంది.

"ఎందుకు?"

"నేను వెళ్తా. మళ్ళీ నీ పేరు పిలిస్తే నేను పలుకుతా. మిషనుకు పేర్లతో పనేంటి? టికెట్టు ఒకరిది, సీటు ఇంకొకరిది. మా బస్సులో రోజూ జరిగేదే."

టైలరమ్మ వద్దనలేదు. వద్దనకపోవడమే కాదు, గౌను అందించేటప్పుడు దణ్ణం పెట్టాలన్నంత ఉపశమనం కలిగింది. వదిన కాసేపటికి బయటికి వచ్చి, "పలకల మధ్య నొక్కి ఇస్త్రీ చేసి పంపించారే బాబూ" అంది. ఇద్దరూ నవ్వుకుంటూ బస్సెక్కారు. చేయించుకున్నట్టు చీటీ మీద ముద్ర పడింది. కూతురు అది చూసి అమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టింది.

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. గదినిండా యూనిఫాం గుడ్డ. ఆ హడావిడిలో ఒకరోజు కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మా, మీ ఎడమవైపు ఒకచోట తేడాగా కనిపిస్తోంది. కంగారు పడకండి, అన్నీ చెడ్డవే కానక్కర్లేదు. కానీ సూది పెట్టి ఇంకో పరీక్ష చేయాలి. ఈ వారంలోనే రండి."

"అలాగేనండీ" అంది టైలరమ్మ. ఫోన్ పెట్టేసింది.

ముందు వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? 'హమ్మయ్య, నాది కాదు.' ఆ తర్వాతే వదిన గుర్తుకొచ్చింది. ఆ వరస తలుచుకుని టైలరమ్మ ఎన్ని రాత్రులు పక్క మీద దొర్లిందో! మనసులోంచి ఒక మాట దొర్లాక దాన్ని ఏ కుట్టు విప్పి వెనక్కి తీస్తాం?

పోనీ, అప్పుడైనా పరిగెత్తుకెళ్ళి చెప్పొచ్చుగా. ఇదిగో ఇక్కడే టైలరమ్మ బుర్ర పనిచేసిన తీరు చూస్తే మనకు ఒళ్ళు మండుతుంది. వదినకు చెబితే కూతురికి తెలుస్తుంది. కూతురికి తెలిస్తే 'నువ్వెందుకు వెళ్ళలేదు' అంటుంది. దానికి జవాబు చెప్పాలంటే దూది దగ్గరికి రావాలి. అక్కడిదాకా వచ్చి ఆవిడ కాళ్ళు ఆగిపోయేవి. అన్నీ చెడ్డవి కానక్కర్లేదని వాళ్ళే అన్నారుగా. మిషన్లు పొరపాటు పడవా? తన మిషను రోజుకోసారి దారం తెంచడం లేదూ? యూనిఫాంలు అయిపోనీ, అప్పుడు నెమ్మదిగా చెబుదాం.

"రిపోర్టు ఏమైందమ్మా?" అని కూతురు అడిగితే, "అంతా బాగుందని ఫోన్ చేశారు" అంది. తలెత్తకుండా, దారం కొరుకుతూ చెప్పింది.

కేంద్రం వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. "ఊళ్ళో లేనండీ" అంది. మళ్ళీ చేస్తే, మోగుతున్న ఫోన్‌ను గుడ్డముక్కల కింద పెట్టి మిషను గట్టిగా తొక్కింది. కొన్నాళ్ళకు వాళ్ళూ మానేశారు. మానేసినందుకు మొదట తేలికపడింది. తర్వాత భయపడింది.

వదిన మాత్రం డ్యూటీ దిగి ఇంటికి పోతూ తరచూ వచ్చేది. స్టూలు మీద కూర్చుని టైలరమ్మ మొహంకేసి చూస్తూ బస్సు కబుర్లు చెప్పేది. టైలరమ్మకు మాట గొంతుదాకా వచ్చేది. తేలు కుట్టిన దొంగలా దాన్ని మింగేసి, పళ్ళన్నీ కనబడేట్టు నవ్వేది. వదిన కూడా నవ్వి, "సరేనే, వస్తా" అని లేచిపోయేది.

యూనిఫాంలు అయిపోయాయి. ఆ తర్వాత ఎవరిదో ఇంట్లో పెళ్ళి బట్టలు వచ్చాయి, అవీ అయిపోయాయి.

ఒక సాయంత్రం వదిన డిపోలో ఇచ్చిన కొత్త యూనిఫాం గుడ్డ తెచ్చింది. కొలతలు తెలిసినవే కాబట్టి టైలరమ్మ చొక్కా కత్తిరించి, కచ్చా కుట్టు వేసి, తొడిగి చూసుకోమంది. ఎడమవైపు చంక కింద గుడ్డ సరిగ్గా కూర్చోలేదు. "నా టక్కే తప్పు పడింది" అనుకుంది. కుట్లు విప్పి మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. ఇన్నేళ్ళలో ఈ మనిషికి రెండోసారి కుట్టు విప్పిన పాపాన పోలేదు.

"ఒకసారి చొక్కా తీసి చెయ్యి పైకెత్తొదినా, మళ్ళీ కొలుస్తా."

వదిన చెయ్యెత్తింది. టేపు చుట్టబోయిన టైలరమ్మ చెయ్యి ఆగిపోయింది. ఎడమ రొమ్ము పక్కన చర్మం లోపలికి గుంజుకుపోయింది. నేతలో ఒక పోగు లాగితే గుడ్డ ముడత పడుతుంది చూడండి, అలా ఉంది. చెయ్యి దించితే కనబడలేదు. మళ్ళీ ఎత్తమంది. మళ్ళీ కనబడింది.

టేపు కిందపడింది. "వదినా, వాళ్ళు ఫోన్ చేశారు" అంది.

వదినకు ఎవరు అని అడగాల్సిన పని లేకపోయింది. "ఎప్పుడు?"

"యూనిఫాంలు కుడుతున్నప్పుడు. సూది పరీక్షకు రమ్మన్నారు. మళ్ళీ కూడా చేశారు. నేనే..."

వదిన స్టూలు మీద కూర్చుంది. చొక్కా ఒళ్ళో పెట్టుకుంది. "నా బస్సులో వచ్చే బడిపిల్లలు మొదటి పరీక్షలు కూడా రాసేశారు కదే" అంది మెల్లగా.

తిడుతుందని టైలరమ్మ ఎదురుచూసింది. తిడితే కాళ్ళు పట్టుకోవాలని కూడా అనుకుంది. వదిన తిట్టలేదు. అప్పుడు ఆమె చెప్పిన మాటలు టైలరమ్మ చచ్చేదాకా మర్చిపోలేనివి.

"నాకు ముందే తెలుసే. స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది. డిపోలో ఏటా పరీక్షలు పెడతారు. ఆ రోజే ఎవరితోనో మార్చుకుని డ్యూటీ వేయించుకునేదాన్ని. చచ్చిపోతానని కాదే భయం. అమ్మ గదిలోకి వెళ్ళేటప్పుడు నేను ముక్కుకి గుడ్డ కట్టుకునేదాన్ని, గుర్తుందా? అమ్మ చూసింది. చూసి, అటు తిరిగి పడుకుంది. నా కూతుళ్ళు నా దగ్గరికి అలా రావడం నేను చూడలేను."

"వదినా..."

"ఆ రోజు నువ్వు గౌను పట్టుకుని బయటికి రాగానే అనిపించింది. నీ పేరు మీద చూపించుకుంటే నా ఇంట్లో ఎవరికీ తెలియదు కదా. ఏదైనా ఉంటే నువ్వు చెబుతావు. లేకపోతే లేదు. నోరు తెరిచి అడిగే ధైర్యం లేక, రోజూ నీ మొహం చూడ్డానికి వచ్చేదాన్ని. నువ్వు నవ్వుతూనే ఉన్నావు. ఏమీ లేదనుకున్నా. హాయిగా నిద్రపోయానే ఇన్నాళ్ళూ."

టైలరమ్మ కిందపడ్డ టేపు తీసి వేలికి చుట్టుకుంది. తను దాచింది ఒక్క కబురే అనుకుంది. ఆ దాచడమే అవతలి మనిషికి శుభవార్త అయి కూర్చుందని ఎలా ఊహిస్తుంది?

"ఇంతకీ నువ్వెందుకు వెళ్ళలేదే?" అంది వదిన. "నాకైతే కారణం ఉంది. నీకేముంది?"

అప్పుడు చెప్పింది. వాళ్ళమ్మ గడియ వేసిన రోజు దగ్గర్నుంచి గదిలో కొక్కెందాకా మొత్తం చెప్పింది. వదిన విన్నది. విని, "ఇంతేనా?" అంది. అందులో వెక్కిరింపు లేదు, కోపం లేదు. నిజంగానే ఇంకేదో ఉందేమోనని అడిగింది. ఇంకేమీ లేదు.

ఇంట్లో ఆ సాయంత్రమే తెలిసిపోయింది. కూతురు అరవలేదు. అమ్మకేసి ఒకసారి చూసి, మేనత్తను తీసుకెళ్ళడానికి రేపటికి సెలవు అడుగుతూ ఫోన్‌లో మాట్లాడుతూ బయటికి వెళ్ళిపోయింది. మొగుడు మెట్టు మీద కూర్చున్నాడు. అక్క కోసం కళ్ళు తుడుచుకుని, కాసేపటికి భార్యతో అన్నాడు. "నేనెప్పుడూ నిన్ను ఏమీ అనలేదు కదే." అవును, ఏమీ అనలేదు. ఆవిడ ఏడ్చింది అందుకే. అతనికి అది ఇప్పటికీ అర్థం కాలేదు.

మర్నాడు కేంద్రంలో కౌంటరు దగ్గర టైలరమ్మే ముందుకు వెళ్ళింది. వెనక క్యూ ఉంది. "నా పేరు మీద ఉన్న పరీక్ష నాది కాదండీ, మా వదినది" అంది. కౌంటరులో ఉన్నావిడ కళ్ళద్దాలు తీసి ఇద్దర్నీ చూసి, ఇదేమన్నా సినిమా టికెట్టా అని నలుగురూ వినేట్టు కడిగేసింది. క్యూలో ఎవరో ఇకిలించారు. టైలరమ్మ తలదించుకుని ఆ మాటలు పడింది. పడాల్సినవే అనుకుంది.

సూది పరీక్ష జరిగింది. ఫలితం వచ్చిన రోజు టైలరమ్మ కూడా వెళ్ళింది. అది ఆ జబ్బే. చంకలోకి కూడా పాకింది. ఆపరేషను చేస్తామనీ, ఆ తర్వాత గట్టి మందులు వాడాలనీ, చేయి దాటిపోలేదనీ డాక్టరమ్మ చెప్పింది. చివరికి, "మేం ఫోన్ చేసినప్పుడే వచ్చి ఉంటే ఎంతో కొంత తేలికయ్యేదేమో. ఎందుకమ్మా ఇంత ఆలస్యం చేశారు?" అంది.

టైలరమ్మ నోరు తెరిచింది. వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని నొక్కింది.

"నాకు చెప్పిందండీ మా మరదలు. డ్యూటీలు కుదరక నేనే రాలేదు" అంది వదిన.

"కాదండీ, నేను..."

"నువ్వుండవే" అని కసిరింది వదిన, ఫుట్‌బోర్డు కుర్రాళ్ళను కసిరినట్టు.

డాక్టరమ్మ కాగితాలు చూసుకుంటూ టైలరమ్మవైపు తిరిగింది. "అయితే మీ పరీక్ష ఇప్పటిదాకా జరగనేలేదన్నమాట. ఇవాళే చేయించుకుని వెళ్ళండి."

మళ్ళీ ఆ గది, అదే కొక్కెం. ఈసారి టైలరమ్మ ఆగలేదు, బట్టలన్నీ తీసి తగిలించి, దూది మెత్త వాటి మీదే వేలాడదీసి, గౌను వేసుకుని తలుపు కొట్టింది. ఆ అమ్మాయి లోపలికి పిలిచింది. గౌను పక్కకు తీసి, కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. టైలరమ్మ ఆ మొహాన్నే చూస్తోంది. కనుబొమ్మ కదులుతుందా? పెదవి వంకర పోతుందా? ఏదో ఒకటి అంటుందా?

"ఎడమవైపు చిన్నది కదమ్మా, కాస్త ముందుకి వంగండి. గడ్డం పైకెత్తండి. ఆఁ, అంతే. కదలకండి." ఆ పిల్ల భుజం సరిచేసి, మీట నొక్కడానికి వెళ్ళిపోయింది. అప్పటికే ఆమె చూపు గడియారం మీద ఉంది. భోజనం వేళ దాటినట్టుంది.

అంతే. ఈడొచ్చినప్పట్నుంచి దాచుకున్నది, మొగుడికి మొహం చాటేసింది, కూతురికి అబద్ధం చెప్పింది, వదిన చంకలోకి జబ్బు పాకుతుంటే ఫోన్ మీద గుడ్డముక్కలు కప్పింది ఈ ఒక్క మాట తప్పించుకోవడానికి. 'ఎడమవైపు చిన్నది కదమ్మా, కాస్త ముందుకి వంగండి.'

మిషను పలకలు దగ్గరికి వచ్చి నొక్కాయి. టైలరమ్మ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారడం మొదలైంది. ఆ అమ్మాయి కంగారుగా పరిగెత్తుకొచ్చింది.

"నొప్పిగా ఉందా అమ్మా? వదులు చేయనా?"

"లేదమ్మా, నొప్పి లేదు."

"మరి?"

"సిగ్గేస్తోంది."

ఆ పిల్ల నవ్వి, గౌను అంచు భుజం మీదికి లాగి కప్పింది. "ఇక్కడ సిగ్గేంటమ్మా? ఇద్దరం ఆడవాళ్ళమే కదా" అంది.

టైలరమ్మ తలూపింది. తలుపు అవతల వదిన ఎవరితోనో ఆపరేషను గురించి బస్సు అంతటికీ వినిపించేంత గొంతుతో అడుగుతోంది. ఆ గొంతు మధ్యలో ఒకచోట జీర పోయింది, మళ్ళీ సర్దుకుంది.